మణికట్టు ముడి

సెడ్జ్ పాయింట్, ఫ్లోరిడా
ఏప్రిల్ 6

ఓరిన్,

రెండు నెలలుగా ఉత్తరం లేదని అలిగి కూర్చున్నావని తెలుసు. అలిగే హక్కు నీకెక్కడిదిరా? జైల్లో కూర్చుని మూడు పూటలా తింటున్నది నువ్వు. ఇక్కడ చేపల షెడ్డులో నా పని పోయింది. కొత్త మేనేజరు ఎవరో చెప్తే కటకటాలు కొరుకుతావు. బర్ల్ టోలివర్. నువ్వు చంపిన వేన్‌కి సొంత తమ్ముడు.

వాడు వచ్చిన మొదటిరోజు నేను ములెట్ చేపలు కోస్తున్నాను. బల్లకి అవతల నిలబడి, "మా అన్న రక్తం పారిన గచ్చు మీద నీకు పనిచ్చేంత మహాత్ముణ్ణి కాదు నెడ్రా. కత్తి అక్కడ పెట్టి పో," అన్నాడు. "కత్తి నాది," అన్నాను. "అయితే తీసుకునే పో," అన్నాడు. ఆ కత్తి ఒక్క క్షణం సరిగ్గా వాడి బొడ్డు ఎత్తులో ఉంది. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. చివరికి ఏప్రాను విప్పి వాడి మొహాన కొట్టి వచ్చేశాను.

ఇక బతుకు ఎలా అని ఆలోచించి, బతికున్న ఎర పట్టి అమ్ముదామనుకున్నాను. టౌను జనాన్ని వేటకి తీసుకెళ్ళే కెప్టెన్లు పొద్దున్నే కవళ్ళనే చిన్న చేపల కోసం రేవులో కాచుకుని ఉంటారు. పడవ ఎలాగూ అమ్మేశాం. పాకలో మీ అన్న కయాక్, తెడ్డేసుకునే సన్న పడవ, ఉంది కదా, హాస్కెల్ పోయిన రోజున ఖాళీగా తేలుతూ దొరికిందే, దాన్ని బయటికి లాగాను. లోపల కందిరీగల పట్టు. రెండు చోట్ల కుట్టించుకున్నాకే అది నాదయింది.

వల మాత్రం నాకు అచ్చిరాలేదు. పెద్దదైతే ఎక్కువ పడతాయని పదడుగుల విసురు వల కొన్నాను. కూర్చుని విసిరాను. వల పోయింది, వెనకే నేనూ పోయాను. ఆల్చిప్పలు మోచేతులు రెండూ చెక్కేశాయి. మీ ఇంట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేశాను గానీ మీ మగాళ్ళు నన్ను వల ముట్టుకోనిచ్చారా? ఇప్పుడు నువ్వే చెప్పాలి. కయాక్ మీద నుంచి ఎర పట్టడానికి ఏ వల కొనాలి?

ఇంకొకటి. అక్టోబరులో క్షమాభిక్ష బోర్డు నీ కేసు వింటుందట. నా వాంగ్మూలం మీదే ఆశంతా అని లాయరు రాశాడు. వేన్ టోలివర్ నా మొగుణ్ణి చంపాడు కాబట్టే నా మరిది వాణ్ణి కొట్టాడని నేను రాసివ్వాలి. రాస్తాను. నిజం రాయడానికి నాకేం భయం?

నీ వదిన
నెడ్రా

*

జైలు, ఉత్తర ఫ్లోరిడా
ఏప్రిల్ 17

వదినా,

పదడుగుల వలా! దాంతో నువ్వు కవళ్ళని పట్టడం కాదు, అవే నిన్ను పట్టుకుపోతాయి. మా గదిలో అందరికీ చదివి వినిపించాను. రెండు హత్యలు చేసినవాడు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇప్పుడు సరిగ్గా విను. కయాక్‌లో కూర్చుని విసిరేవాళ్ళకి అయిదడుగుల వల చాలు. నిలబడగలిగితే ఆరు. నువ్వు నిలబడకు. అడుగుకి ఒక పౌను సీసం ఉండాలి. తక్కువుంటే వల తీరిగ్గా దిగుతుంది, ఈలోపు కవళ్ళు కిందనుంచి జారుకుంటాయి. వల కన్ను నీ చిటికెన వేలి గోరంత ఉండాలి. అంతకంటే పెద్దదైతే చేపలు తలలు దూర్చి ఇరుక్కుంటాయి, చిన్నదైతే వల నీళ్ళలో గొడుగులా నిలబడిపోతుంది. దుకాణంలో వలని నడినెత్తి పట్టుకుని ఎత్తి వేలాడదీయి. మెత్తగా జారాలి. చుట్టలు చుట్టుకుంటే అది గట్టి తీగ, వద్దు. అంచున సీసపు గుళ్ళ మధ్య నీ బొటనవేలు దూరిందంటే అక్కడే పెట్టేసి వచ్చెయ్.

విసిరేటప్పుడు గుళ్ళ తాడుని ఒకచోట పళ్ళతో కరిచి పట్టు. నడుము తిప్పకు, భుజాలే తిప్పు. నోరు తెరిచినప్పుడే వల విచ్చుకుంటుంది. నోరు తెరవడం నీకు కొత్త కాదులే.

అన్నిటికంటే ముఖ్యం చేతి తాడు. దుకాణపు వలకి కొసన వదులు ఉచ్చు ఉంటుంది. కోసి పారెయ్. మా నాన్న ముడి వెయ్యి, లాగేకొద్దీ బిగిసేది. పనిచేసే చేతికి, కుడి మణికట్టుకి. వల పోగొట్టుకొచ్చిన వాడికి మా ఇంట్లో ఆ పూట తిండి ఉండేది కాదు, గుళ్ళ తాడుతో వీపు పగిలేది. నా వీపు మీద ఆ గుళ్ళ మచ్చలు ఇప్పటికీ లెక్కపెట్టుకోవచ్చు. వల వదిలినవాడు మా ఇంటివాడు కాదు.

వేన్‌ని కొట్టిందీ గుళ్ళ తాడుతోనే. ఆరేళ్ళయినా నా భుజానికి ఆ బరువు గుర్తుంది. ఆల్చిప్పల దిబ్బ మీద అన్న వెల్లకిలా పడి ఉన్నాడు, మణికట్టు చుట్టూ ఎముక తెల్లగా కనబడేంత లోతుగా తాడు కోత. వేన్ పడవ అక్కణ్ణుంచి నీళ్ళు చీల్చుకుంటూ పారిపోతోంది. వారం ముందే కదా వాడు అన్నది, "మళ్ళీ మా దిబ్బల దగ్గర కనబడితే మోటారుకి కట్టి ఈడుస్తా," అని. వెంటపడి షెడ్డులో పట్టుకున్నాను. "తాడు నేనే కట్టాను," అని వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు. అయిదు దెబ్బలు. ఆస్పత్రి చేరేలోపే పోయాడు. ఆరో దెబ్బ బర్ల్ కోసం దాచాను, వాడికి చెప్పు.

ఓరిన్

*

సెడ్జ్ పాయింట్
మే 11

ఓరిన్,

ముందు నన్ను తిట్టుకో. చవగ్గా వస్తోందని పెద్ద కన్ను వల కొన్నాను. మొదటి విసురుకే రెండు వందల కవళ్ళు. ఒక్కటీ కింద పడలేదు, ప్రతి కంటికీ ఒక తల. ఎత్తి చూస్తే క్రిస్మస్ చెట్టులా తళతళలాడుతోంది. ఒక్కొక్కటే పీకుతుంటే తలలు ఊడి చేతిలోకి వచ్చాయి. చచ్చిన ఎర ఎవడు కొంటాడు? పెలికాన్ పక్షులు మాత్రం కడుపారా తిని నా తల మీదే రెట్టలు వేసిపోయాయి.

అసలు సంగతి అది కాదు. నిన్న పొద్దున బర్ల్ నా మీదికి వచ్చాడు. నేను దిబ్బ పక్కన గుళ్ళ తాడు కరిచి పట్టుకుని విసరబోతున్నాను. మోటారు చప్పుడు వినబడింది, తల తిప్పేలోపు వాడి పడవ ముక్కు నా కయాక్ నడుముకి తగిలింది. నోట్లో తాడు ఉండగానే పడ్డాను. ముందు పన్ను సగానికి విరిగింది, నోరంతా రక్తం. పైకి లేచేసరికి వాడు అక్కడే చుట్టూ తిరుగుతున్నాడు. "అయ్యో, కనబళ్ళేదు!" అన్నాడు. "మీ వాళ్ళకి నీళ్ళంటే పడదనుకుంటా." రక్తం వాడి పడవ మీదికి ఉమ్మాను. అంతకంటే చేతిలో ఏమీ లేదు.

షెరీఫ్ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పను? వాళ్ళ అన్నని మనం చంపాం, నా పన్ను వాడు విరగ్గొట్టాడు అంటే నవ్వుతారు.

దుకాణం వలలతో విసిగి పాకలో నీ పెట్టె తెరిచాను. నువ్వు అల్లిన అయిదడుగుల వల ఉంది. ఎలకలు ముట్టలేదు. నువ్వు చెప్పినవన్నీ దానికున్నాయి, కన్ను గోరంత, గుళ్ళు వత్తుగా. చేతి తాడు కొసన మీ నాన్న ముడి కూడా సిద్ధంగా ఉంది. చెయ్యి పెట్టి లాగి చూశాను. పాములా పట్టేసింది, విడిపించుకోవడానికి పళ్ళు కావలసి వచ్చాయి, అవి కూడా ఇప్పుడు తక్కువే.

ఒక మాట అడుగుతాను, తిట్టకు. పడవలో అయితే మోకాళ్ళు ఆనించుకోవడానికి గట్టి అంచు ఉంటుంది. కయాక్‌లో దేనికి ఆనుకోవాలి? అటువైపు నుంచి ఏదైనా లాగితే ఈ ముడి నన్ను వదులుతుందా?

నెడ్రా

*

జైలు
మే 20

వదినా,

నీ పన్ను సంగతి చదివిన పూట భోజనాల హాల్లో ఒకడు నా ట్రే మీద చెయ్యి వేశాడు. వాడి ఖర్మ. అదే ట్రేతో ముక్కు చితక్కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు బర్ల్ ముక్కుదే అనుకున్నాను. పది రోజులు ఒంటరి గది వేశారు, అక్కణ్ణుంచే రాస్తున్నాను. లాయరు వచ్చి బోర్డుకి ముందు ఇలాంటివి వద్దని బతిమాలాడు. సరేనన్నాను.

ముడి ఎందుకు వదలాలి? వదలకపోవడానికే కదా అది ఉన్నది! అయిదడుగుల వలలో ఏం పడుతుంది, తిమింగలమా? మా నాన్న నలభై ఏళ్ళు ఆ ముడితో విసిరాడు. భయపడే చెయ్యి వల విసరలేదు వదినా. బిగించు, విసురు.

వాంగ్మూలంలో వేన్ అన్న మాట మర్చిపోకు. మోటారుకి కట్టి ఈడుస్తానన్న మాట. లాయరు దాని కింద రెండు గీతలు గీయమన్నాడు.

ఓరిన్

*

సెడ్జ్ పాయింట్
జూన్ 28

మరిదిగారికి,

గారు ఎందుకంటావా? గౌరవం పుట్టుకొచ్చింది. నీ వల బంగారం. నిన్న నాలుగు విసుర్లకి బాన నిండింది. నోరు తెరవగానే అది గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద ఒక్కసారి చిటపటమని పడుతుందే, ఆ చప్పుడు కోసమైనా రోజూ వెళ్తాను. యాభై రెండేళ్ళు వచ్చాక నాకు ఒక పని బాగా చేతనవుతుందని తెలిసింది. కెప్టెన్లు ఇప్పుడు నా కయాక్ వచ్చేదాకా లంగరు ఎత్తరు.

బర్ల్ ఊరుకోలేదు. సోమవారం రేవుకి వెళ్తే కయాక్ సీట్లో పెలికాన్ కూర్చోబెట్టి ఉంది. మెడ కోసి, పొట్ట చీల్చి, లోపల చేపల పేగులు కూరి, నా టోపీ పెట్టాడు. ఈగలు ముసిరి ఉన్నాయి. వాడు కాస్త దూరంలో మోటారు తుడుచుకుంటూ ఈల వేస్తున్నాడు. నేను తెడ్డు తీసుకుని నడిచి వెళ్ళి వెనకనుంచి చెవి మీద కొట్టాను. పడ్డాడు. లేవబోతే మోకాలి మీద ఇంకొకటి. "చంపు! మీ ఇంటి విద్యే కదా, చంపు!" అని అరిచాడు. తెడ్డు ఎత్తాను ఓరిన్. ఎందుకు దించానో తెలీదు. చుట్టూ కెప్టెన్లు నిలబడి చూస్తున్నారు, ఒక్కడూ అడ్డం రాలేదు.

ఇంటికొచ్చి తెడ్డుని కడిగిందే కడిగాను. కోపం అనుకున్నాను. కాదు, బాగా అనిపించింది. అది నాకు నచ్చలేదు.

నెడ్రా

*

జైలు
జూలై 9

వదినా,

ఇప్పుడు నువ్వు మా ఇంటిదానివి! చెవి మీద, ఆ తర్వాత మోకాలు! మా గది గదంతా నీకు జేజేలు కొట్టింది. తెడ్డు దించడమే తప్పు. పాముని సగం కొట్టి వదలకూడదు.

బోర్డు అక్టోబరు 9న. లాయరు నమ్మకంగా ఉన్నాడు. బయటికొచ్చిన రోజు నాకు పొగబెట్టిన ములెట్, వేడి వేడి మొక్కజొన్న గ్రిట్స్, నీ చేతి పుల్ల దోసకాయలు కావాలి. ఇంకేమీ వద్దు. ఆ మర్నాడు నువ్వు కయాక్ ముందు, నేను వెనక. నువ్వు విసిరితే చూడాలి.

ఓరిన్

*

సెడ్జ్ పాయింట్
ఆగస్టు 23

ఓరిన్,

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఎడమచేత్తో రాస్తున్నాను. నెమ్మదిగా చదువు. సగంలో చింపకు.

ఈ నెల 14, పొద్దున ఎనిమిదింటికి. మీ అన్న పోయిన దిబ్బ పక్కనే విసిరాను. వల నిండుగా పడింది. ముడి చేతికి బిగించే ఉంది. రెండు మూరలు లాగానో లేదో నీళ్ళ అడుగున గోధుమరంగు వీపు ఒకటి కయాక్ అంత పొడవున కదిలింది. సొరచేప. వలలోని చేపల్ని వలతో సహా నోట కరుచుకుని తిరిగింది. తాడు ఒక్కసారి బిగిసింది. భుజం కీలు ఊడిన చప్పుడు నాకే వినబడింది. ఆ తర్వాత నేను నీళ్ళలో ఉన్నాను.

అది ఈడుస్తోంది ఓరిన్. అడుగున ఆల్చిప్పల మీదుగా, మొహం కిందికి. ఎడమచేత్తో ముడి విప్పబోయాను. లాగేకొద్దీ బిగిసేది కదా. మాంసంలోకి దిగిపోయింది, వేలు దూర్చే సందు లేదు. నీళ్ళు తాగాను. మీ అన్న చూసింది ఇదే అనిపించింది, అంత స్పష్టంగా, ఎవరో చెవిలో చెప్పినట్టు. ఈ ముడే, ఈ చేతికే, ఈ కయాక్ మీదనుంచే.

నన్ను పైకి లాగింది బర్ల్. ఏదో కొత్త వెధవపని చేద్దామనే నా వెనక వచ్చి ఉంటాడు. దూకి, కత్తితో తాడు కోసి, జుట్టు పట్టుకుని దిబ్బ మీదికి ఈడ్చాడు. బోర్లా పడేసి వీపు మీద పిడికిళ్ళతో గుద్దాడు. "కక్కు! కక్కవే! నా కళ్ళముందు చావకు!" నీళ్ళు, రక్తం, పొద్దున తిన్న గ్రిట్స్ అన్నీ కక్కాను.

అప్పుడు వాడు నా చెయ్యి చూశాడు. ఉచ్చు ఇంకా మణికట్టులోనే ఉంది, ఎముక తెల్లగా కనబడుతోంది.

"హాస్కెల్ చేతి ఫోటో నేను కోర్టులో చూశాను," అన్నాడు. "ఇదే కోత. ఇదే లోతు. నిన్నెవరు ఈడ్చారు నెడ్రా? నేనా? చచ్చిన మా అన్న వచ్చి ఈడ్చాడా?"

"సొర," అన్నాను.

చెంప మీద కొట్టాడు. "గట్టిగా చెప్పు!"

"సొర!"

వాడు ఆ ఆల్చిప్పల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "దిబ్బల దగ్గర సెల్ పలకదు, నీకు తెలుసు. వాడు కొట్టినప్పుడు మా అన్న చేతిలో షెడ్డు ఫోన్ రిసీవర్ ఉందే. ఊరంతా చూసింది. చంపినవాడు పరిగెత్తుకొచ్చి ఎవరికి ఫోన్ చేస్తాడు? ఎవరికి చేస్తాడే?"

తొమ్మిది రోజులుగా దీన్నే నములుతున్నాను. నువ్వు చూసినప్పుడు హాస్కెల్ చేతికి కోత ఉంది, తాడు లేదు. ఎవరో కోశారు. శవం నీళ్ళలో లేదు, దిబ్బ మీద ఉంది, వెల్లకిలా. ఎవరో ఎక్కించారు. ఈడ్చి చంపినవాడు తాడు కోసి, మనిషిని గట్టుకెక్కించి, ఫోన్ దగ్గరికి పరిగెడతాడా?

నా ఉచ్చుని ఆస్పత్రిలో నర్సు కత్తెరతో కోసింది. వల మాత్రం దక్కింది. మర్నాడు పోటు తగ్గి నీళ్ళు తీశాక బర్ల్ ఎక్కడో వెతికి తెచ్చి, నా కంచె మీద పడేసి పోయాడు.

హాస్కెల్ వలకి ఆ ముడి ఎవరు వేశారు ఓరిన్?

నెడ్రా

*

జైలు
సెప్టెంబరు 2

వదినా,

బర్ల్ నీ ప్రాణం కాపాడి నీ బుర్ర కొనేశాడు. వాడు తాడు కోస్తే వాళ్ళ అన్న కూడా కోసినట్టేనా? వేన్ ఒప్పుకున్నాడు. నా చెవులతో విన్నాను. నా మొగుణ్ణి చంపినవాణ్ణి చంపావు, నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటానని కోర్టు మెట్ల మీద అన్నది నువ్వు కాదా?

ఇంకా అయిదు వారాలుంది. ఆ కాగితం మీద లాయరు చెప్పింది రాసి పంపు. ఇంకేమైనా రాశావంటే నాకు వదిన లేదు.

ఓరిన్

*

సెడ్జ్ పాయింట్
సెప్టెంబరు 13

ఓరిన్,

అన్నాను. ఆ మెట్ల మీద ఆ మాట అన్నది నేనే. కాబట్టి నాదీ చెప్తాను.

హాస్కెల్ పోవడానికి ముందు సాయంత్రం మన వంటగది. అప్పటికి కయాక్ మీదనుంచి రెండు వలలు పోగొట్టుకుని వచ్చాడు. ఏదో బలంగా లాగితే వదిలేశానన్నాడు. నువ్వు కొత్త వల బల్ల మీద పడేసి, చేతి తాడు అందుకుని, మీ నాన్న ముడి వేసి ఆయన మణికట్టుకి బిగించావు. "ఈసారి వల పోతే చెయ్యి కూడా పోవాలిరా అన్నాయ్," అన్నావు. ఆయన మొహం ఎర్రబడింది. నేను పొయ్యి దగ్గర ములెట్లు వేయిస్తున్నాను. "పోతే పోయింది, ఒంటిచేత్తో గిన్నెలు ఎలా కడుగుతాడో చూస్తాను," అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు?

రెండుసార్లు చెయ్యి వదిలి బతికి వచ్చిన మనిషిని మనిద్దరం ఎగతాళి చేసి కట్టి పంపాం. తాడే పామై కరవడమంటే ఇదే. ఆ పాముని వేన్ టోలివర్ మెళ్ళో వేశాం.

వాంగ్మూలం నా ముందుంది. పైన నా పేరు రాశాను, కింద ఖాళీ. అబద్ధం రాస్తే నువ్వు ఇంటికొస్తావు. నువ్వు రావాలని నాకెంత ఉందో నీకు తెలుసు, ఈ ఇంట్లో నాతో మాట్లాడే గొంతు లేదు. అయినా కోత పడ్డ ఆ చేత్తో అది రాయలేకపోతున్నాను. నిజం రాస్తే నీకు ఇంకా పన్నెండేళ్ళు. నీకు తెలియకుండా మాత్రం పంపను. వేన్ ఏమన్నాడో నాకు మళ్ళీ చెప్పు. ఒక్కొక్క మాట.

నెడ్రా

*

జైలు
సెప్టెంబరు 25

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపాను.

షెడ్డులోకి వెళ్ళేసరికి వేన్ ఒళ్ళంతా తడిసి ఉన్నాడు. అది కోర్టులో చెప్పలేదు. ఈడ్చి చంపినవాడు పడవలో కూర్చుని ఉంటాడు కదా, బట్టలు ఎందుకు తడుస్తాయి? రిసీవర్ చెవి దగ్గర ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. వాడు నావైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టి అన్నాడు, "ఓరిన్, ఆగు, తాడు నేనే..."

అంతే. ఆ తర్వాతి మాట వాడి నోట్లోనే ఉంది. రెండో దెబ్బ మూతి మీద కొట్టాను. పళ్ళు రాలి గచ్చు మీద పడ్డాయి. ఇంకేదో చెప్పబోయాడు, రక్తం తప్ప ఏమీ రాలేదు. మిగతా మూడు దెబ్బలూ ఆ మాట రాకుండా ఉండాలనే కొట్టాను.

"కట్టాను" అన్నది నేను చేర్చాను. కోర్టులో ఒకసారి, నీకు వందసార్లు, నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకుని నిజం చేసుకున్నాను. వాడు చెప్పబోయింది "కోశాను" అని. అది నాకు నీ ఉత్తరంతో తెలియలేదు వదినా. రెండో దెబ్బకి, మూడో దెబ్బకి మధ్య తెలిసింది. అన్న చేతికి ఆ ముడి వేసింది నేనేనని అప్పుడే మనసులో మెదిలింది. అందుకే ఇంకా గట్టిగా కొట్టాను. వాడి నోరు మూస్తే ఆ ముడి వేసిన చెయ్యి నాది కాకుండా పోతుందనుకున్నాను.

ఉన్నదున్నట్టు రాసి బోర్డుకి పంపు. వంటగది కూడా రాయి. ఒక నకలు బర్ల్‌కి ఇవ్వు, చేతిలో పెట్టు, కంచె మీద పడేయకు. వాళ్ళ అన్న చివరి మాట ఆరేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది, అది వాళ్ళది. కొట్టినా పడు.

వలకి ఇలా చెయ్యి. చేతి తాడు కొసన ఉచ్చు వద్దు, వదులుది కూడా వద్దు. గుప్పిట్లో పట్టేంత చెక్కబెండు ఒకటి కట్టు. దాన్ని పట్టుకునే విసురు. ఏదైనా లాగితే గుప్పిట తెరువు. బెండు తేలుతుంది, దొరికితే దొరుకుతుంది. మా నాన్న చెప్పిందంతా మర్చిపో. వల పోతే పోనీ.

ఓరిన్

*

సెడ్జ్ పాయింట్
నవంబరు 3

ఓరిన్,

బోర్డు కాదందని లాయరు నీకు చెప్పే ఉంటాడు. నా కాగితం చదువుతున్నంతసేపూ బర్ల్ వెనక వరసలో నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు. "తాడు నేనే" అన్నచోట చదివేవాడు ఆగాడు. బర్ల్ గట్టిగా, గదంతా వినబడేలా "కోశాను" అన్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నకలు వాడి చేతిలో పెట్టినప్పుడు కూడా నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. షెడ్డులో పని మళ్ళీ ఇస్తానని అనలేదు, నేను అడగలేదు. కానీ నేను దిబ్బ దగ్గర ఉన్నంతసేపూ వాడి పడవ దూరంగా ఎక్కడో ఒకచోట ఉంటోంది, మోటారు ఆపుకుని.

నువ్వు చెప్పినట్టే బెండు కట్టాను. ఇవాళ పొద్దున మూడో విసురుకి అదే దెబ్బ, అదే బరువు, అడుగున అదే గోధుమరంగు వీపు. గుప్పిట తెరవడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? ఇరవై ఏళ్ళు మీ ఇంటి తిండి తిన్న చెయ్యి కదా, తెరుచుకోనని మొండికేసింది. తిట్టి తెరిచాను. బెండు కాసేపు నీళ్ళ మీద పరిగెత్తి మునిగిపోయింది. సాయంత్రం దాకా వెతికాను, బర్ల్ కూడా అటువైపు నుంచి వెతికాడు. దొరకలేదు.

నువ్వు అల్లిన వల పోయింది ఓరిన్. చెయ్యి ఉంది. ఈ ఉత్తరం దాంతోనే రాస్తున్నాను.

నీ వదిన
నెడ్రా